ఎస్ప్రెస్సో కాఫీ: నీటి వేడిమి చరిత్ర



మన యూళ్ల పెండ్లిపందిళ్లలో ఒక మూల బల్లపై తళతళలాడు పెట్టెయొకటి నిలిపి, దాని ప్రక్కగొట్టమునుండి బుస్సుమని ఆవిరి వదలుచు, పాలను నురుగులు పొంగించి గ్లాసులలో పోసి యిచ్చు పానీయమును మీరందరు నెరుగుదురు. పైన గోధుమవన్నె పొడిని ఒకింత చల్లుదురు. దానిని ఎస్ప్రెస్సో కాఫీ యందురు. పిల్లలు దానికొరకు బారులు తీరుదురు. పెద్దలమైన మనమును రెండవమారు చేయిచాపుటకు సంకోచింపము. అయితే ఆ పేరు పుట్టిన యిటలీ దేశమునుండి యెవరైన వచ్చి ఆ పెట్టెను చూచినచో, ‘ఇందులో ఎస్ప్రెస్సో యెక్కడ నున్నది?’ అని యడుగుట తథ్యము. ఏలయన ఆ పెట్టె చేయు పని పాలను ఆవిరితో కాచుట మాత్రమే. నీటిలో వెంటనే కరగిపోవు కాఫీపొడిని అందు కలుపుదురు. గింజల పొడినుండి సారమును ఒత్తి పిండు పని ఆ పెట్టెకు తెలియదు.

ఎస్ప్రెస్సో యను మాటకు ఇటలీభాషలో మూడర్థములు స్ఫురించును. ఒత్తి వెలికి తీయబడినది యనునది యొకటి. త్వరితమైనది యనునది రెండవది. అడిగినవానికొరకు అప్పటికప్పుడు ప్రత్యేకముగా చేయబడినది యనునది మూడవది. శ్లేషలయం దభిరుచిగల మనకు ఇట్టి పదము ముచ్చట గొలుపకపోదు. కాని యీ యర్థములు ఒకదానితో నొకటి కలహించినవి. త్వర కావలెనన్న ఆవిరి కావలసివచ్చెను. ఆవిరి వచ్చినతోడనే వేడిమి మితిమీరెను. వేడిమి మితిమీరగా రుచి చెడెను. ఆవిరియందు పెనవైచుకొనియున్న ఒత్తిడిని వేడిమినుండి విడదీసి, నీటిని ఎంత వేడిగా నుండవలెనో అంతే వేడిగా నిలుపుటకు మనుష్యులకు నూరేండ్లకు పైగా పట్టినది. ఆ కథను నేడు మనవి చేసెదను.

నాకీ విషయమున ఆసక్తి పుట్టిన విధము మొదట చెప్పవలెను. హైదరాబాదులో మా అమ్మాయి యింట కొన్నాళ్లుండ తటస్థించినది. అల్లుడు కాఫీప్రియుడు. ఇంట వాడుకొను చిన్న ఎస్ప్రెస్సో యంత్రము నొకదానిని కొని తెచ్చి వంటయింటి గట్టుపై ప్రతిష్ఠించెను. తొలినాటి యుదయమున నాకిచ్చిన కాఫీ చింతపండు పులుసువలె నుండెను. మరునాడు అవే గింజలు, అదే మర, అదే కొలత; కాని నాలుకపై పెట్టగనే వేపాకు కషాయము జ్ఞప్తికి వచ్చినది. “మామయ్యగారూ, గింజలలోనే దోషమున్నట్లున్నది” అని అతడు మూడు దుకాణములు మార్చెను. అమ్మాయి ఆ యంత్రమువంక కోపముగా చూచి, “నాన్నగారూ, మీకు ఫిల్టరు కాఫీయే కలిపి తెచ్చెదను, ఉండండి” అనెడిది. అంత వెలపోసి కొన్న వస్తువు ఒకపూట పులుపును, ఒకపూట చేదునై పోవుట అల్లునకు నలుగురిలో చిన్నతనముగా నుండెను. పండుగనాడు వచ్చిన చుట్టములకు ఆ కాఫీ యిచ్చి, వారు సగము త్రాగి గిన్నెలు దించిపెట్టగా అతని ముఖము చూడలేకపోతిని. నలువదియేండ్లు బడిపిల్లల తప్పులు దిద్దినవాడను గనుక, తప్పెక్కడ నున్నదో తెలిసికొనువరకు నాకును నిదుర పట్టలేదు. పుస్తకములు తిరుగవేసితిని. గింజలు నిర్దోషములు. దోషమంతయు నీటి వేడిమిలో నున్నది.

నీటి వేడిమిని బట్టి సారము మారునను సంగతి మన వైద్యులకు క్రొత్త కాదు. చరకసంహితలో కషాయకల్పన లైదు చెప్పబడినవి. పచ్చి ఓషధిని దంచి పిండినది స్వరసము. నూరిన ముద్ద కల్కము. నీటిలో వేసి మరిగించి దించినది శృతము. దీనినే క్వాథ మందురు. చల్లని నీట రాత్రియంతయు నానవేసినది శీతము. వేడినీరు పోసి కొంతసేపుంచి వడకట్టినది ఫాంటము. ఓషధి యొక్కటియే యైనను కల్పన మారిన గుణము మారును. కాఫీయందు నంతే. తురుష్కులు చిన్న గిన్నెలో పొడియు నీరును కలిపి పొంగించునది క్వాథమునకు చేరువ. మన యింటి ఫిల్టరు డికాక్షను ఫాంటము. ఈ నడుమ నగరములలో చల్లనినీట రాత్రియెల్ల నానవేసి యమ్ము కాఫీ శీతమే. ఇంతమాత్రముచేత మన ఋషులు ఎస్ప్రెస్సో నెరిగియుండిరని నేను చెప్పబోను. అట్టి గొప్పలు నాకు గిట్టవు. సూత్రము వారిది, యంత్రము పరులది.

కాఫీపొడి బరువులో సుమారు నూటికి 30 పాళ్లు నీటిలో కరగగలవు. కరగునదంతయు త్రాగదగినది కాదు. అమెరికాలో లాక్‌హార్టు అను రసాయన శాస్త్రజ్ఞుడు 1950-60 నడుమ పరీక్షలు జరిపి, నూటికి 18 మొదలు 22 పాళ్ల వరకు దిగిన కాఫీయే జనులకు రుచించునని నిర్ణయించెను. పులుపు నిచ్చు ఆమ్లములు తొందరపడి ముందుగా దిగును. తీపియు నిండుదనమును వాని వెనుక వచ్చును. చేదును వగరును కడపట బయలుదేరును. నీటిలో వేడిమి చాలకున్న పులుపు దిగి, దానిని సర్దుబాటు చేయవలసిన తీపి పొడిలోనే యుండిపోవును. వేడిమి హెచ్చైన కడపటి చేదు సైతము పరుగెత్తుకొని వచ్చును. ఫిల్టరులో డికాక్షను బొట్టుబొట్టుగా దిగును గనుక చిన్న పొరపాటు కొంత సర్దుకొనును. ఎస్ప్రెస్సోలో ఈ వ్యవహారమంతయు 25 సెకండ్లలో ముగియవలెను. అందు తప్పు దిద్దుకొన వ్యవధి లేదు.

ఐరోపాలో ఈ సంగతిని శాస్త్రదృష్టితో విచారించినవారిలో ముందు చెప్పదగినవాడు రమ్‌ఫర్డు ప్రభువు. ఫిరంగి గొట్టములు తొలుచునప్పుడు పుట్టు వేడిమిని పరీక్షించి, వేడిమి యనునది ద్రవ్యము కాదు, చలనమే యని 1798లో లోకమునకు ప్రకటించిన మహానుభావుడు ఇతడే. ఇతడు 1812లో కాఫీ గుణములను గురించి ఒక వ్యాసము వ్రాసెను. కాఫీని మరిగించినచో పరిమళము ఆవిరితోపాటు ఎగిరిపోవునని చెప్పి, చుట్టును వేడినీటి తొడుగు గల కాఫీపాత్రను కల్పించెను. లోపలి కాఫీ మరుగకుండను, చల్లారకుండను ఉండవలెనని యతని యభిప్రాయము. ఫిరంగులనుగూర్చి వ్రాసిన చేతితో కాఫీకుండనుగూర్చి వ్రాయుట తన గౌరవమునకు తక్కువ యని అతడు తలపలేదు. పిమ్మట వచ్చినవారు ఆ హితవును పెడచెవిని పెట్టిరి. కారణము త్వర.

పందొమ్మిదవ శతాబ్దమున ఆవిరియే సర్వమునకు అధిదేవతయైనది. బండి నడుపుట, నూలు వడకుట, ఓడ నడుపుట అన్నియు ఆవిరి పనులే. నగరములలో కాఫీశాలలు నిండిపోవుచుండెను. ఒక్కొక్క గిన్నె సిద్ధమగుటకు అయిదారు నిమిషములు పట్టిన కూర్చున్నవారు విసుగుకొనుచుండిరి. ఆవిరి రైలును లాగగలిగినప్పుడు కాఫీ నేల దింపలేదు? అను ప్రశ్న పుట్టుట సహజమే.

ఇక్కడ కొంచెము ఆగి ఆవిరి స్వభావమును జ్ఞప్తికి తెచ్చుకొందము. మూతలేని గిన్నెలో ఎసరు పెట్టినప్పుడు సముద్రతీరపు టూళ్లలో నీరు 100 సెంటీగ్రేడు డిగ్రీలవద్ద మరుగును. క్రింద ఎన్ని కట్టెలు త్రోసినను వేడిమి అంతకు మించదు; నీరు ఆవిరియై పోవుటయే త్వరపడును. మూత బిగించినచో ఆవిరికి వెడలుటకు దారిలేక నీటినే తిరిగి యొత్తును. అప్పుడు నీరు 100 దాటియు మరుగక, యింకను కాగుచుండును. ఫ్రాన్సు దేశమువాడైన డెనిస్ పాపెన్ 1679లో ఇట్టి మూతకుండను చేసి చూపెను. నేడు మన యిండ్లలో ఈలవేయు ప్రెషరు కుక్కరు దాని సంతతియే. మామూలు గాలి యొత్తిడికి మీద మరి యొకటిన్నర యింతలు ఒత్తిడి పెరిగిన, లోపలి నీరు 127 డిగ్రీల వరకు వేడెక్కును. కాబట్టి ఆవిరిని నమ్ముకొన్నవానికి ఒత్తిడి యెక్కువ కావలెనన్న వేడిమియు నెక్కువ కాక తప్పదు. ఈ రెండును ఒకే కాడికి కట్టిన యెడ్లవంటివి.

ఆ కాడిని కాఫీకి మొదట కట్టినవాడు ట్యూరిను నగరమువాడైన ఆంజెలో మొరియోండో. ఇతడు హోటలు యజమాని. 1884 మే 16వ తేదీన ఆవిరితో కాఫీ దింపు యంత్రమునకు పేటెంటు హక్కు పొందెను. ఆ యేటనే ట్యూరినులో జరిగిన మహాప్రదర్శనమున దానిని నిలిపి కంచుపతకము నందెను. పెద్ద బాయిలరులోని నీటిని ఆవిరి సుమారు ఒకటిన్నర యింతల యొత్తిడితో నెట్టగా, నీరు కాఫీపొడి గుండ పోవును. ఒకేసారి అనేకులకు సరిపోవు కాఫీ దిగును. ఆయన దానిని తన దుకాణములలో వాడుకొనెనే కాని, వర్తకమున పెట్టలేదు. 1914లో మరణించెను. తరువాత చిరకాలము ఆయన పేరు లోకము మరచినది. వర్తకము చేయనివాని పేరు చరిత్రలో నిలుచుట కష్టము గదా.

1901లో మిలాను నగరమువాడైన లుయిజీ బెజ్జెరా మరియొక పేటెంటు పొందెను. పిడిగల చిన్న గరిటె వంటి వడకట్టులో ఒక్క మనుష్యునకు సరిపడు పొడిని నింపి, యంత్రపు మూతికి బిగించి, ఎదుట నిలుచున్న వానికొరకే ఒక గిన్నె దింపు ఉపాయ మిది. మూడవ యర్థమైన ‘నీకొరకే’ యనునది ఇప్పుడు సిద్ధించినది. ఆ హక్కును దెసిదేరియో పవోని యనునతడు కొని 1905 మొదలు యంత్రములు చేయసాగెను. 1906లో మిలానులో జరిగిన ప్రపంచ ప్రదర్శనమున ఎస్ప్రెస్సో యను పేరు జనుల నోళ్లలో పడినది. ఆ యంత్రములు గుడిగంటలవలె పొడుగై, ఇత్తడి రాగి మెరుగులతో, కొన్నిటికి శిఖరమున రెక్కలు విప్పిన గ్రద్ద బొమ్మతో నిలుచుండెడివి. 1922లో కప్పియెల్లో యను చిత్రకారుడు అట్టి యంత్రమునకు గోడప్రకటన యొకటి వ్రాసెను. అందు రైలుబండిలోనుండి ఒక మనుష్యుడు బయటికి వంగి, వేగము తగ్గకయే కాఫీగిన్నె నందుకొనుచుండును. ఆ బొమ్మలో త్వర సమస్తమును కలదు. రుచిని గురించి ఒక్క గీతయు లేదు.

రుచి యెట్లుండెనో ఊహింపవచ్చును. బాయిలరునుండి వచ్చు నీరు పొడిని తాకునప్పటికి మరుగు స్థితికి దగ్గరగా నుండెడిది. వెనువెంట కొంత ఆవిరియు పొడిలో దూరి దానిని మాడ్చెడిది. ఒత్తిడి చూడబోయిన రెండింతలకు మించదు. అనగా వేడిమి కావలసినదానికంటె హెచ్చు. ఒత్తిడి కావలసినదానికంటె తక్కువ. కాఫీ నల్లగా, చేదుగా, మాడువాసనతో దిగెడిది. ఒత్తిడి పెంచి దీనిని బాగుచేయుదమన్న వేడిమి యింకను పెరిగెడిది; బాయిలరు పగులు భయమును కలదు. ఇదియే ఆ యంత్రములు ముప్పదియేండ్లకు పైగా దాటలేకపోయిన గోడ. ఆ కాలపు జనులు ఆ చేదునే ఎస్ప్రెస్సో స్వభావమని నమ్మి త్రాగుచుండిరి. అలవాటుపడిన నాలుక న్యాయము చెప్పజాలదు.

1935లో త్రియెస్తె నగరమున ఫ్రాంచెస్కో ఇల్లీ యనునతడు ఆవిరికి మారుగా బిగించిన గాలితో నీటిని నెట్టు యంత్రమును చేసెను. ఎద్దులజతను విప్పిన తొలివారిలో ఇతడొకడు. కాని లోకము తలక్రిందులైనది మిలానులో కాఫీశాల నడుపుచుండిన ఆకిల్లె గాజియా వలన. ఇతడు 1938లో ఆవిరి లేని కాఫీ యంత్రమునకు పేటెంటు కోరెను. నడుమ రెండవ ప్రపంచయుద్ధ మడ్డుపడినది. 1948లో అతని సంస్థ వెలసి, పిడి గల యంత్రములు బయటికి వచ్చినవి.

దాని పనితన మిట్టిది. ఒక స్తంభాకారపు గొట్టములో ముషలకము, దానిపై బలమైన స్ప్రింగు. నిలుచున్నవాడు పొడుగాటి పిడిని క్రిందికి లాగగా స్ప్రింగు నలిగి ముడుచుకొనును. ముషలకము పైకి లేచి, క్రింది ఖాళీలోనికి వేడినీరు వచ్చి నిండును. పిడిని వదలగా స్ప్రింగు సాగుచు నీటిని పొడిగుండ ఒత్తును. ఆ యొత్తిడి గాలి యొత్తిడికి ఎనిమిది తొమ్మిది యింతలు. ఇప్పుడు ఆవిరి చేయవలసినది నీటిని గొట్టములోనికి చేర్చుటయే. ఒత్తుట స్ప్రింగు పని. గొట్టములో పట్టునంత నీరే కాఫీ గనుక చిన్నగిన్నె పరిమాణమును అప్పుడే యేర్పడినది. ఆ యొత్తిడికి గింజలలోని నూనెయు వాయువును కలిసి, గిన్నెపై తేనెవన్నె మీగడ తేలెను. మొదట త్రాగినవారు అదేమి తెట్టె యని శంకించిరట! గాజియా తెలివిగలవాడు. దానికి కాఫీమీగడ యని పేరు పెట్టి యంత్రములమీదనే చెక్కించెను. ఆనాటినుండి మీగడ లేనిది ఎస్ప్రెస్సో కాదని జనులు వాదింపసాగిరి. తెట్టెను మీగడగా చేసినది ఒక్క పేరు.

అయినను నీటి వేడిమి సంగతి సగమే తీరినది. పెక్కు యంత్రములలో నీరు ఇంకను ఆ 115, 120 డిగ్రీల బాయిలరునుండియే వచ్చుచుండెను. దారిలోని దళసరి లోహము దానిని కొంత చల్లార్చి పొడికి తగినట్లు చేయవలెను. ఉదయము చల్లని లోహము నీటిని అతిగా చల్లార్చును; తొలిగిన్నెలు పులుపు. గిరాకి హెచ్చి వరుసగా పది గిన్నెలు దింపిన పిమ్మట లోహము కాగిపోయి, నీటిని చల్లార్చు శక్తి నశించును. పదునొకండవ గిన్నె చేదు. అనుభవశాలియైన పనివాడు చేతితో లోహమును తాకి చూచి, తడిగుడ్డ వేసియో, కొంతసేపు ఆగియో నెట్టుకొని వచ్చెడివాడు. బెల్లపు పెనమువద్ద పాకమును నీట వేసి చూచు మన రైతువంటివాడే వాడును. పనివాడు మారిన రుచి మారును.

ఈ లోపమును తీర్చుటకు 1961లో ఫాయెమా సంస్థ అధిపతి ఎర్నెస్తో వాలెంతె ఒక యంత్రము వెలయించెను. ఆ యేడు ఫిబ్రవరి 15వ తేదీన ఇటలీలో సంపూర్ణ సూర్యగ్రహణము కనబడినది. ఆ గ్రహణము జ్ఞాపకార్థమై దానికి ఇ-61 అని పేరుపెట్టిరి. మనము గ్రహణమునాడు వంట ముట్టము. వారు కాఫీ యంత్రమునకు గ్రహణము పేరు పెట్టుకొనిరి. లోకో భిన్నరుచిః. ఇందు స్ప్రింగు పోయి విద్యుత్తుతో నడచు పంపు వచ్చెను. తొమ్మిదింతల యొత్తిడిని పంపు ఇచ్చును. చల్లని మంచినీరు బాయిలరు నడుమ నుండు ఒక సన్నగొట్టము గుండ పోవుచు, బాయిలరు నీటిలో కలియకయే దాని వేడిమిని గ్రహించును. అంతకంటె మెచ్చదగిన యుపాయము మరియొకటి. కాఫీ దిగు మూతివద్ద నున్న దళసరి యిత్తడి దిమ్మలో వేడినీరు ఎడతెగక తిరుగునట్లు చేసిరి. వేడినీరు తేలికయై పైకి లేచును, చల్లారి బరువై క్రిందికి దిగును. పంపు సహాయము లేకయే ఆ ప్రవాహము రేయింబవళ్లు సాగును. తొలిగిన్నెకును నూరవ గిన్నెకును లోహము ఇంచుమించు ఒకే వేడిమిలో నుండును. 1970లో ఫ్లారెన్సు నగరమున లా మార్జోక్కో వారు పాలకొరకు ఆవిరి బాయిలరొకటి, కాఫీకొరకు నీటి బాయిలరొకటి వేరువేరుగా నిలిపిన యంత్రము చేసిరి. దానితో కాఫీశాలలలో కాడి పూర్తిగా విడినది.

ఇల్లాలి వంటయింటికి ఈ భాగ్యము రాలేదు. ఇటలీ గృహములలో 1933 మొదలు ఆల్ఫోన్సో బియలెత్తి చేసిన మోకా యను అల్యూమినియపు కుండిక వాడుకలో నున్నది. అదియు ఆవిరిబలముచేత నీటిని పైకి నెట్టునదే. తరువాత వచ్చిన చిన్న విద్యుద్యంత్రములలో గుఱ్ఱుమను చిన్న పంపును, అరచేతి వెడల్పు బాయిలరును ఉండును. ఖర్చు తగ్గించుటకై వేడిమిని కనిపెట్టు పనిని రెండు లోహపు రేకులు అతికిన ఒక బిళ్లకు అప్పగించిరి. దీనిని థర్మోస్టాటు అందురు. ఒక హద్దు దాటగనే ఆ బిళ్ల వంగి కరెంటును తెంచును. మరియొక హద్దుకు దిగగనే తిరిగి కలుపును. ఈ రెండు హద్దుల నడుమ పది డిగ్రీలకు పైగా తేడా యుండుట కద్దు. అదియునుగాక, కరెంటు తెగిన పిమ్మటను కాగిన తీగలోని వేడిమి నీటిని మరికొంత పైకి తీసికొనిపోవును. పొయ్యి ఆర్పినను నిప్పుకలమీది కుండ పొంగినట్లు.

మా యల్లుని యంత్రము గుట్టు ఇప్పుడు మీకు తెలిసియుండును. తొలినాడు దీప మారగనే కాఫీ దింపెను. బాయిలరులోని నీరు కాగినదే కాని, మూతియు వడకట్టును ఇంకను చల్లగానే యుండి నీటి వేడిమిని మ్రింగినవి, పులుపు వచ్చినది. రెండవనాడు యంత్రమును చాలసేపు వెలిగించియుంచి, కరెంటు అప్పుడే తెగి వేడిమి శిఖరమున నున్న క్షణమున దింపెను, చేదు వచ్చినది. పాపము, గింజలమ్మినవారిని ముగ్గురిని నిష్కారణముగా నిందించితిమి.

ఇట్టి యంత్రములు గలవారు పాశ్చాత్యదేశములలో ఒక యుపాయము కనిపెట్టిరి. అరగంటసేపు యంత్రమును వడకట్టుతోసహా వేడెక్కనిచ్చి, కొంత నీరు వృథాగా వదలిన, బాయిలరు చల్లారి దీపము వెలుగును. దీపము తిరిగి ఆరిన క్షణమునుండి ఇన్ని సెకండ్లని లెక్కించి, ప్రతిదినము ఆ లెక్కవద్దనే దింపుదురు. కెరటముపై పడవ నెక్కించినట్లు వేడిమి కెరటమున ఒకేచోట దిగుట యన్నమాట. మేమును అట్లే చేసితిమి. అల్లుడు గడియారము పట్టుకొనగా నేను అంకెలు వ్రాసితిని. పులుపు చేదులు చాలవరకు తగ్గినవి. కాని ఇంట నలుగురికి నాలుగు గిన్నెలు దింపవలెనన్న ఈ లెక్కతో తెల్లవారునది కాదు.

దీనికి శాశ్వతమైన మందు కాఫీలోకమునుండి రాలేదు, సముద్రమునుండి వచ్చినది. రష్యాలో పుట్టి అమెరికా చేరిన నికొలాయ్ మినోర్‌స్కీ యను విద్వాంసుడు ఓడ తనంతట తాను దారి తప్పక పోవు విధమును విచారించి 1922లో ఒక వ్యాసము ప్రకటించెను. న్యూ మెక్సికో యను యుద్ధనౌకపై ఆ పద్ధతిని పరీక్షించిరి. నేర్పరియైన చుక్కానివాడు ఎట్లు త్రిప్పునో మినోర్‌స్కీ గమనించెను. ఓడ ఇప్పుడెంత ప్రక్కకు తొలగినదని మాత్రమే చూచి వాడు త్రిప్పడు. ఇంతవరకు ఎంతసేపు ఎంత తొలగి వచ్చినదో మనసున ఉంచుకొనును. ఇప్పుడు ఎంత వేగముగా తొలగుచున్నదో దానిని బట్టి ముందుగానే సర్దును. గోదావరిలో పడవ నడుపువారిని అడిగిన ఇదే చెప్పుదురు. వర్తమానము, భూతము, భవిష్యత్తు అను మూడింటిని లెక్కించు ఈ పద్ధతిని పి.ఐ.డి. యందురు. కర్మాగారములలో బట్టీల వేడిమికి, నూనెశుద్ధికి ఇది యుపయోగపడినది. 2000 సంవత్సరము తరువాత అమెరికా మొదలగు దేశములలో కాఫీప్రియులైన గృహస్థులు కొందరు, కర్మాగారములలో వాడు అట్టి చిన్నపెట్టెలను తమ యింటి యంత్రములకు తామే తగిలించుకొనిరి. బిళ్ల చేయునట్లు పూర్తిగా వెలిగించుటయో, పూర్తిగా ఆర్పుటయో కాక, నీరు గమ్యమునకు చేరువైన కొలది ఆ పెట్టె కరెంటును కొద్దికొద్దిగా తగ్గించును. వేడిమి ఒకటి రెండు డిగ్రీల లోపున నిలిచిపోవును. అది చూచి యంత్రములు చేయువారు మేల్కొని తామే అమర్చి యమ్మసాగిరి. గొప్ప సంస్థలు చేయదగిన పనిని ఇంటివారు చేసి చూపుట నాకు మిక్కిలి యానందము కలిగించిన సంగతి.

ఇక ఎంత వేడిమి తగునను ప్రశ్న. ఇటలీలో 1998లో ఏర్పడిన ఎస్ప్రెస్సో సంస్థవారు 7 గ్రాముల పొడి, తొమ్మిదింతల యొత్తిడి, 25 సెకండ్లు, 88 డిగ్రీల నీరు అని లెక్క పెట్టిరి. రెండు డిగ్రీలు అటునిటు కావచ్చును. వారు గింజలను నల్లబడ వేయింతురు. అట్టి గింజలు సులువుగా సారము వదలును గనుక తక్కువ వేడిమి చాలును. అమెరికాలోను ఇతరత్రను గింజలను లేతగా వేయించువారు 90 మొదలు 96 వరకు పోవుదురు. లేతగింజ గట్టిది; దానిని వేడిమితో బలవంతపెట్టవలెను. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన మన యరకులోయ అరబికా గింజలను లేతగా వేయించి యమ్మువారును నేడు కలరు. వానికి 93 చాలకపోవచ్చును. మన యింటి ఫిల్టరుకొరకు వేయించినంత నల్లని గింజలకు అదే 93 హెచ్చు. అందువలన ఒక్క అంకెను శాసనముగా చెప్పువారిని నమ్మకుడు. కాఫీ పులిసిన ఒక డిగ్రీ పెంచవలెను, చేదైన ఒక డిగ్రీ తగ్గించవలెను. అట్లు చేయునాడు పొడి సన్నదనమును గాని, కొలతను గాని మార్చరాదు. రెండును ఒకసారి మార్చినచో ఏది గుణమిచ్చినదో తెలియదు. మరియొక సంగతి. యంత్రముపై కనబడు అంకె పెక్కింట బాయిలరుదే గాని పొడిమీద పడు నీటిది కాదు. దారిలో కొన్ని డిగ్రీలు జారును.

మా యల్లుడు విద్యుత్పరికరములు బాగుచేయు యువకు నొకనిని పిలిపించి ఆ పి.ఐ.డి. పెట్టెను తగిలింపజేసెను. కరెంటు పని గనుక మేము చేయిపెట్టలేదు. పొడిమీద 94 డిగ్రీల నీరు పడునట్లు మొదలుపెట్టితిమి, చేదు. 93, కొంత నయము. 91కి దిగినప్పుడు అంచున పులుపు తగిలినది. తిరిగి ఒకటి పెంచి 92వద్ద నిలిపితిమి. ఆ గిన్నెను నేను త్రాగి, మారుమాట లేక రెండవదానికి చేయి చాపితిని. అమ్మాయియు ఒక గ్రుక్క రుచిచూచి, “ఇది బాగున్నది నాన్నగారూ, కాని మీకు ఫిల్టరు మానిపించను” అనెను. మరునాడు తెల్లవారుజామున లేచి చూడగా, అల్లుడు ఇంకను నిదురించుచుండగనే ఆమె యంత్రము మీట వేసి, అరగంట వేడెక్కుటకు వదలి, ప్రక్కపొయ్యిమీద ఫిల్టరుకొరకు ఎసరు పెట్టియుండెను.